ఎక్స్-రే ఏదీ?

డాక్టర్ ఓరెస్ట్ హ్రించుక్ ఎక్స్-రే చూడనిదే నోరు విప్పడు. సస్కటూన్ పట్టణంలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఎముకలో గడ్డ లేస్తే అందులోంచి తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి, అది మంచిదో చెడ్డదో తేల్చడం ఆయన ఉద్యోగం. రాష్ట్రం మొత్తానికి ఆ విద్య బాగా తెలిసినవాడు ఆయనొక్కడే కావడంతో అందరూ ఆయన గుమ్మం తొక్కాల్సిందే. తొక్కినవాళ్లకల్లా ఎదురయ్యేది ఒకటే ప్రశ్న.

"ఎక్స్-రే ఏదీ?"

"ముక్క తెచ్చాను కదండీ!"

"ఒక్క ఇటుక తెచ్చి నా చేతిలో పెట్టి, ఇది చర్చిదా జైలుదా అంటే నేనేం చెప్పనూ? ముందు కట్టడం చూపించు."

ఆసుపత్రి వరకూ అయితే సరే అనుకోవచ్చు. ఈ జబ్బు ఆయన వెంట ఇంటికి కూడా వెళ్లేది. భార్య స్తెఫానియా బీట్‌రూట్ సూపు వడ్డించి "ఉప్పు సరిపోయిందా?" అని అడిగితే, "గిన్నెలో నాలుగు చెంచాలు చూసి ఏం చెప్తాం? పొయ్యిమీది కుండ చూపించు" అనేవాడు. ఆవిడ ఒకసారి కుండ తెచ్చి ఆయన ఒళ్లోనే పెట్టేసింది. ప్యాంటు పాడైంది గానీ పద్ధతి మారలేదు.

కూతురు లరీసా ప్రేమించిన కుర్రవాణ్ని ఇంటికి తీసుకొచ్చిన రోజు సంగతి ఆసుపత్రిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కుర్రవాడు కోటు వేసుకుని, పూలు పట్టుకుని, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. కాబోయే మామగారు ఉద్యోగం అడగలేదు, ఇంటిపేరు అడగలేదు.

"ఎప్పుడైనా ఎముకలేవైనా విరిగాయా బాబూ?"

"హాకీ ఆడుతుంటే మెడకింద ఎముక విరిగిందండీ, చిన్నప్పుడు."

"ఎక్స్-రే ఏదీ?"

కుర్రవాడు నవ్వాడు. నవ్వినవాడు తనొక్కడే అని గ్రహించి ఆపేశాడు. పై ఆదివారం అతని తల్లి అటకంతా వెతికి ఆ ఫిల్ము పంపించింది. హ్రించుక్ దాన్ని కిటికీకి అడ్డంగా పట్టుకుని, బల్లమీద బంగాళాదుంప కుడుములు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, పది నిమిషాలు చూశాడు.

"అతుకు చక్కగా కుదిరింది. డాక్టరు చెప్పినన్నాళ్లూ కదలకుండా పడున్నాడు. ఓపికగలవాడు. మాట ఇచ్చెయ్యండి" అన్నాడు.

ఇలాంటి మనిషి దగ్గర వెర్నా హాల్వర్సన్ ఇరవై రెండేళ్లుగా పని చేస్తోంది. ఎముక ముక్కలను ఆమ్లంలో నానబెట్టి మెత్తబరచడం, ఉల్లిపొర కంటే పల్చగా కోయడం, గులాబీ ఊదా రంగులు వేసి గాజుపలక మీద స్లైడుగా అంటించడం ఆమె పని. ఆమ్లంలో ఒక్క పూట ఎక్కువ ఉంచితే కణాలన్నీ కరిగి నీళ్లయిపోతాయి, ఒక్క పూట తక్కువ ఉంచితే కత్తి విరుగుతుంది. వెర్నా చేతిలో ఏనాడూ ముక్క పాడవలేదు, కత్తి విరగలేదు. ఆ గర్వం ఆమెకు పుష్కలంగా ఉంది.

హ్రించుక్ మీద ఆమెకు ఫిర్యాదులు కూడా పుష్కలంగానే ఉండేవి. ఫిల్ములు చూసుకోవడానికి ఆసుపత్రివాళ్లు వెనకనుంచి దీపం వెలిగే పెట్టె కొనిచ్చారు. ఆయన దాన్ని తన మాంసం శాండ్‌విచ్ వెచ్చబెట్టుకోవడానికి వాడుకుని, ఫిల్మును మాత్రం వెర్నా తలమీదుగా కిటికీకి పట్టుకునేవాడు. ఆమె బల్లమీదికి వెలుతురు రాదు. పైగా ఆయన చొక్కాలోంచి శాండ్‌విచ్ పొడి రాలుతుంది.

అంతకంటే విచిత్రం కవర్ల గొడవ. చూడటం అయ్యాక ఫిల్మును ఆ పెద్ద గోధుమరంగు కవరులో పెట్టి పంపించేస్తే సరిపోతుంది. ఆ పని వెర్నా చేస్తుంది, గుమాస్తా చేస్తాడు, ఎవరైనా చేస్తారు. కానీ ఆయన ఎవరినీ కవరు ముట్టుకోనివ్వడు. తలుపు దగ్గరగా వేసుకుని, లోపల పావుగంట కూర్చుని, కవరు అంచు తనే నాలుకతో తడిపి అంటించి, మొహం వికారంగా పెట్టుకుని బయటికొచ్చేవాడు.

"ఈ జిగురు పోయినేడాది కంటే అధ్వాన్నంగా ఉంది వెర్నా."

"నాకివ్వచ్చు కదా డాక్టరు గారూ? తడిస్పాంజి ఉంది."

"స్పాంజికి రుచేం తెలుస్తుంది?"

ఇక కణాలకు ఆయన పెట్టే పేర్లు ఒక పట్టాన వదిలేవి కావు. ఒకసారి మోకాలి దగ్గర గడ్డ తాలూకు స్లైడు వచ్చింది. దాన్నిండా పెద్దపెద్ద కణాలు, ఒక్కొక్కదానిలో యాభై అరవై కేంద్రకాలు. ఆయన వెర్నాను పిలిచి చూపించాడు.

"చూడు ఈ పెద్దాయన్ని. ఒక్క ఒంట్లో యాభై తలకాయలు. మన మునిసిపల్ కౌన్సిలంతా ఒకే కోటులో దూరినట్టు లేడూ?"

"భయమేస్తోంది. ఎముకను తినేసేది వీడేనా?"

"తినేది ఈయనే. దొంగ మాత్రం ఈయన కాదు. పక్కన ఒక్క తలకాయతో, బక్కగా, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడే, వాడు. వాడు పిలిస్తేనే ఈయన విందుకొచ్చాడు. జనం పెద్దాయన్ని చూసి హడలి చస్తారు. అసలు పనంతా ఆ చిన్నవాడిది. వాణ్ని ఎవరూ చూడరు."

ఇదంతా వింటే వెర్నాకు నవ్వొచ్చేది. ఈయన తెలివైనవాడా, తిక్కవాడా అని ఇరవై రెండేళ్లలో ఆమె ఏడుసార్లు తేల్చుకుంది. నాలుగుసార్లు తిక్కే గెలిచింది.

అలా ఉండగా, ఒక ఫిబ్రవరి నెలలో గూస్ హాలో అనే పల్లె నుంచి బస్సులో ఒక చిన్న సీసా వచ్చింది. దగ్గర్లోని చిన్న ఆసుపత్రిలో తీసిన ఎముక ముక్క. వెంట ఒక చీటీ: ఫ్రీడా తీసెన్, పదహారేళ్లు, ఎడమ మోకాలి కింద ఎముక, వాపు, నొప్పి, దెబ్బ తగల్లేదు. అంతే. ఎక్స్-రే రాలేదు. దాన్ని ఇంటివాళ్లకే ఇచ్చి పంపేశారట.

వెర్నా ముక్కను నానబెట్టి, కోసి, స్లైడు చేసేసరికి శుక్రవారం అయింది. కొత్తగా తూర్పు నుంచి వచ్చిన డాక్టర్ అయిన్స్‌లీ ముందు చూసింది. మంచి చదువరి, చురుకైన మనిషి. చూసి తెల్లబోయింది.

"కణాలు కిక్కిరిసి ఉన్నాయి. ఎక్కడ చూసినా రెండుగా చీలుతున్నాయి. మధ్యలో కొత్త ఎముక పుడుతోంది. ఇది ఎముక క్యాన్సరే డాక్టరు గారూ, అందులోనూ చెడ్డ రకం. మీ సంతకం కూడా కావాలి."

హ్రించుక్ అరగంట కళ్లజోడు నుదుటిమీదికి తోసుకుని చూశాడు. రెండుసార్లు మూలిగాడు. తలెత్తాడు.

"ఎక్స్-రే ఏదీ?"

ఇంతలో శస్త్రవైద్యుడు పెల్తియే విసురుగా లోపలికొచ్చాడు. ఆయనకు హ్రించుక్ అంటే గౌరవమే గానీ ఓపిక తక్కువ.

"ఓరెస్ట్, ఇవాళ నీ వేషాలు వద్దయ్యా. మంగళవారం పిల్ల వస్తోంది. పడక సిద్ధం చేయించాను. ముందు మందులు ఎక్కిస్తాం, తర్వాత కాలు తీసేస్తాం. ఆలస్యమైతే ప్రాణమే పోతుంది."

"మంగళవారం ఎక్స్-రే కూడా వస్తుంది కదా. అప్పుడు చెప్తాను."

"సోమవారం పొద్దుటికల్లా కాగితం కావాలి! నువ్వు పెట్టకపోతే టొరంటో వాళ్లతో పెట్టిస్తా. అక్కడి ఊరి డాక్టరు ముక్క తీసినప్పుడే ఇంట్లోవాళ్లకు క్యాన్సరని చెప్పేశాడు కూడా."

హ్రించుక్ చేతిలోని శాండ్‌విచ్ కింద పెట్టాడు. ఆయన శాండ్‌విచ్ సగంలో వదలడం వెర్నా అప్పుడే మొదటిసారి చూసింది.

"చెప్పేశాడా? పిల్లకి కూడానా?"

"పిల్లకి కూడా."

"టెలిఫోను చెయ్యి వెర్నా."

"చేశానండీ. మొన్నటి మంచుకి అటువైపు తీగలు తెగిపోయాయట."

ఆయన లేచి కోటు తొడుక్కున్నాడు. "కారు తియ్యి."

"గూస్ హాలోకా? రెండు వందల కిలోమీటర్లు! బయట మైనస్ ముప్పై!"

"అందుకే నిన్ను తియ్యమంటున్నాను. నేను నడిపితే చేరం."

అది నిజమే. దారిలో కొట్టాల కప్పులు చూస్తూ రెండుసార్లు కారును కాలవలోకి దించాక స్తెఫానియా ఆయన తాళాలు లాగేసుకుంది. వెర్నా గొణుక్కుంటూ బయల్దేరింది. పెల్తియేతో మాట పడలేక ముసలాయనకు పంతం పట్టిందనీ, ఆ పంతానికి తన కాలివేళ్లు గడ్డకడతాయనీ ఆమె లెక్క. యాభై కిలోమీటర్లు దాటాక ఉండబట్టలేకపోయింది.

"ఇరవై రెండేళ్లుగా మీకు ముక్కలు కోసిస్తున్నాను. నాకైనా చెప్పండి. ఆ కణాలను చూస్తే మీకేమనిపించింది?"

హ్రించుక్ కిటికీ అద్దంమీద మంచు గోకుతూ కూర్చున్నాడు. చివరికి అన్నాడు: "అందరూ పరుగులో ఉన్నారు. ఊళ్లో వరదొచ్చినా జనం పరిగెత్తుతారు, దొంగలు ఊరిమీద పడ్డా పరిగెత్తుతారు. ఆ ఒక్క వీధే చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అయిన్స్‌లీ తప్పేం లేదు."

"మరి?"

"ఈ కణాలు కొత్త ఎముక అంచున వరుసగా నిలబడ్డాయి. గట్టు పోసే కూలీల్లాగా. దొంగలు వరుసలో నిలబడరు."

వెర్నా బ్రేకు తొక్కబోయి ఆగింది. "అంటే క్యాన్సర్ కాదా!"

"ఎక్స్-రే ఏదీ?" అన్నాడు హ్రించుక్. వెర్నా ఆయన్ని తిట్టలేదు. కారు వేగం పెంచింది.

తీసెన్ వాళ్ల వంటింట్లో అందరూ బల్లచుట్టూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. తల్లి అగాథా కళ్లు వాచి ఉన్నాయి. తండ్రి కార్నీలియస్ మాటలు పొదుపుగా వాడే రైతు, నడకలో కొద్దిగా కుంటు. ఫ్రీడా కాలు కుర్చీమీద చాపుకుని నేలవైపు చూస్తోంది. ఇరుగుపొరుగు వాళ్లు అప్పుడే మూడు పళ్లేల బన్నులు తెచ్చి పెట్టి వెళ్లారు. ఒక బన్నుమీద చిన్న బన్ను ఎక్కించినట్టుండే ఆ రొట్టెలు మెనోనైటులనే నిష్ఠగల క్రైస్తవుల ఇళ్లలో చావుకీ పెళ్లికీ తప్పవు.

"మంచి రొట్టెలు. ఎవరు పోయారు?" అన్నాడు హ్రించుక్ బూట్లు విప్పుతూ.

వెర్నాకు నేల చీలి అందులోకి పోదామనిపించింది. అగాథా తల అడ్డంగా ఊపింది.

"ఎవరూ పోలేదుగా? అయితే వెన్న పట్రండమ్మా. ఎక్స్-రే ఏదీ?"

కార్నీలియస్ గోధుమరంగు కవరు తెచ్చి ఇచ్చాడు. బయట కనుచూపుమేరా మంచు, దాని మీద ఎండ. అంత మంచి వెలుతురు ఆయనకు ఆసుపత్రిలో ఏనాడూ దొరకలేదు. కిటికీకి ఫిల్ము ఆనించి చూస్తూ ఉండిపోయాడు. వెర్నా కూడా భుజంమీదుగా తొంగిచూసింది. ఎముకకు అడ్డంగా, వెంట్రుకంత సన్నగా, ఒక గీత. దాని చుట్టూ కొత్త ఎముక కట్టుకట్టినట్టు నున్నగా అమరి ఉంది.

"దెబ్బెప్పుడు తగిలిందమ్మా?"

"తగల్లేదండీ" అంది ఫ్రీడా.

"పరుగులు తీస్తావా?"

"లేదండీ."

"గెంతుతావా?"

ఫ్రీడా చెవులు ఎర్రబడ్డాయి. తల్లి అందుకుంది: "మా చర్చిలో ఆటపాటలు ఒప్పుకోరు డాక్టరు గారూ. మా ఇంట్లో గెంతులుండవు."

హ్రించుక్ ఫిల్ము దించాడు. "నేను దీన్ని బాగా చూడాలంటే తలుపు మూసుండాలి. అదో అలవాటు. మీరిద్దరూ కాసేపు ముందుగదిలో కూర్చోండి. ఈ అమ్మాయి ఉండాలి, వెర్నా ఉండాలి, వెన్న ఉండాలి."

తలుపు మూసుకుంది. అరవై మూడేళ్ల డాక్టరు కోటు విప్పి, చేతులు ఎదమీద కట్టుకుని, వంటింటి మధ్యలో గొంతుకూర్చుని, తన తాతల నాటి పెళ్లినాట్యంలోలాగా ఒక కాలు ముందుకు విసిరాడు. రెండోది విసరబోయి బల్లకాలు పట్టుకుని వెల్లకిలా పడ్డాడు.

"అలా కాదండీ!" ఫ్రీడా అరిచేసింది. "మడమ ముందుకు రావాలి, నడుము నిటారుగా…" అని నోరు మూసుకుంది.

"ఆహా" అన్నాడు హ్రించుక్ నేలమీద నుంచే. "ఎవరు నేర్పారు?"

"పక్క పొలం ఒక్సానా. వాళ్ల తాతలూ మీ తాతల దేశంవాళ్లే."

"రోజూ ఎంతసేపు?"

"రెండు గంటలు. అక్టోబరు నుంచి."

"ఎక్కడ?"

"ట్రాక్టరు షెడ్డులో."

"నేల?"

"కాంక్రీటు."

"కాళ్లకి?"

"గొడ్లపాకలో వేసుకునే బూట్లు." ఫ్రీడా మూసిన తలుపు వైపు చూసింది. "మా ఊరి డాక్టరు అడిగింది అమ్మ ఎదురుగానే. నేనేం చెప్పను? అబద్ధం చెప్పి మరీ ఆడాను. అందుకే దేవుడు నా కాలికి ఇలా చేశాడు."

"దేవుడు కాదే పిచ్చిపిల్లా, కాంక్రీటు" అన్నాడు హ్రించుక్.

వెర్నా ఆయన్ని లేవదీసింది. ఆయన దులుపుకుని తలుపు తీసి తల్లిదండ్రులను పిలిచాడు. ఈసారి వేళాకోళం లేకుండా, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"ఇది క్యాన్సర్ కాదు. ఎముక సన్నగా చిట్లింది. శరీరం దాన్ని అతుకుతోంది. ఆ అతుకుపని చేసే కణాలు ఎంత హడావుడి పడతాయంటే, ఎక్స్-రే లేకుండా చూస్తే మావాళ్లే కాదు, నేనూ బెదురుతాను. ముక్కా చూశాను, ఎక్స్-రే చూశాను. రెండూ ఒకటే మాట చెబుతున్నాయి. మూడు వారాలకు మళ్లీ ఒకటి తీయించండి. అదీ ఇదే చెప్పాలి. కాలు ఎక్కడికీ పోదు."

అగాథా కుర్చీలో కూలబడి ఏప్రనులో మొహం దాచుకుని ఏడ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "ఎలా చిట్లింది?" అని అడిగింది.

"బూట్లు మంచివి కావు. నేలా మంచిది కాదు" అన్నాడు హ్రించుక్. అందులో అబద్ధమేమీ లేదు.

కార్నీలియస్ లోపలికి వెళ్లి మరో గోధుమరంగు కవరు తెచ్చాడు. పాతది, అంచులు నలిగిపోయింది. అందులోంచి ఫిల్ము కాకుండా ఒక చిన్న కాగితం తీసి బల్లమీద పెట్టాడు.

"తొమ్మిదేళ్ల కిందట నా మోకాలి ఎక్స్-రేతో వచ్చింది. ఇది మీ రాతేనా?"

వెర్నా వంగి చూసింది. పెన్సిలు బొమ్మ. యాభై తలకాయలున్న ఒక లావుపాటి కణం, ప్రతి తలకాయకీ టోపీ. పక్కన ఒక బక్క కణం చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. కింద ఆమెకు బాగా తెలిసిన కోడిగీతల రాత: "తీసెన్ గారూ, లోపలున్నది వీళ్లు. పెద్దాయన మొహం చూసి భయపడకండి, చంపే రకం కాదు. గీకి తీసేస్తారు. కొంచెం కుంటుతారు, బతుకుతారు. మళ్లీ వాస్తే వెంటనే రండి. ఇట్లు, మీ ఎముక చూసినవాడు."

"డాక్టర్లంతా ఏదో చెప్పారు. నాకు అర్థమైంది ఇదొక్కటే" అన్నాడు కార్నీలియస్. అది ఆయనకు ఒక వారానికి సరిపడా ఉపన్యాసం.

హ్రించుక్ బన్నుకు వెన్న రాయడంలో మునిగిపోయినట్టు నటించాడు. ఆయన చెవులు కూడా ఫ్రీడా చెవుల్లాగే ఎర్రబడ్డాయి.

తిరుగుదారిలో వెర్నా అడిగింది: "అన్ని కవర్లలోనూ పెడతారా?"

"రోగితో నేను మాట్లాడకూడదు. ఆసుపత్రి నియమం. నా రిపోర్టు డాక్టరు దగ్గరికి పోతుంది, స్లైడు మన బీరువాలోకి పోతుంది. మనిషి వెంట ఇంటికి వెళ్లేది ఎక్స్-రే కవరొక్కటే."

"అయితే ఎక్స్-రే లేకుండా చెప్పలేననేది ఉత్తదేనా?"

"అదీ నిజమే. ఇవాళ చూశావుగా."

"చెడ్డవార్తయితే ఏం రాస్తారు?"

"అక్షరాలు ఇంకాస్త పెద్దవిగా రాస్తాను. బొమ్మ మాత్రం వెయ్యను."

వెర్నా ముక్కు చీదుకుని, హీటరు గాలికి కళ్లు మండుతున్నాయంది.

సోమవారం పొద్దున పెల్తియే వాళ్లు వెంట తెచ్చిన ఆ ఫిల్మును దీపం పెట్టె మీద చూసి, తర్వాత కిటికీకి పట్టుకుని చూసి, పడక రద్దు చేయించాడు. అయిన్స్‌లీ ఆ రోజు నుంచి ముక్క తెచ్చినవాళ్లను ఏమడిగేదో వేరే చెప్పక్కర్లేదు. మూడు వారాల తర్వాత వచ్చిన ఎక్స్-రే కూడా అదే మాట చెప్పింది. హ్రించుక్ వెర్నా చేత ఒట్టు వేయించుకున్నాడు కాబట్టి కవర్ల సంగతి ఎవరికీ తెలియలేదు.

జూలైలో గూస్ హాలో నుంచి మరో కవరు వచ్చింది. కాలు పూర్తిగా అతుక్కుంది. ఎక్స్-రే వెనక ఒక చీటీ ఉంది: "డాక్టరు గారూ, నాన్న షెడ్డులో సగం దాకా చెక్కలు పరిచాడు. ధాన్యం బస్తాలకు తేమ తగలకుండా అన్నాడు. బస్తాలేవీ పెట్టలేదు. మీ ఫ్రీడా."

హ్రించుక్ ఆ చీటీ రెండుసార్లు చదివి వెర్నాకు అందించాడు.

"చెక్కలు పరిచారని ఒట్టి మాట చెబితే ఎలా నమ్మను? ఫోటో ఏదీ?"

ఆ ముక్కే ఒక కాగితం మీద రాసి, కింద గొంతుకూర్చుని వెల్లకిలా పడుతున్న ఒక ముసలికణం బొమ్మ వేసి, కవరులో పెట్టాడు. వెర్నా లేచి తలుపు దగ్గరగా వేసింది, ఈసారి లోపలివైపు నుంచి. తడిస్పాంజి తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన స్పాంజి వైపు చూశాడు, వెర్నా వైపు చూశాడు, కవరు అంచును శుభ్రంగా నాలుకతోనే తడిపాడు.

"పోయినేడాది కంటే అధ్వాన్నం" అన్నాడు సంతోషంగా.